అమ్మ కంచంలో నూనె ఆపేస్తే సరిపోతుందా?

పోయిన శుక్రవారం మధ్యాహ్నం. క్యాంపులో అందరూ బిర్యానీ తిని నడుం వాల్చిన వేళ. జగిత్యాల వైపు తమ్ముడు ఒకడు ఫోన్ పట్టుకుని మా గది తలుపు కొట్టాడు. "అన్నా, మా అవ్వ రిపోర్టు వాట్సాప్‌ల వచ్చింది. ఇంగ్లీషుల ఉన్నది. జర చదివి చెప్పవా?" అన్నాడు.

క్యాంపు ఆఫీసులో టైమ్ షీట్లు, వీసా కాగితాలు, జీతం స్లిప్పులు చూసే గుమాస్తాలం మేము ముగ్గురం. చదివింది ఇంటర్. అయినా ఇంగ్లీషు అక్షరం వస్తుంది కదా అని ఊళ్ల నుంచి వచ్చే రిపోర్టులన్నీ మా టేబుల్ మీదికే వస్తాయి. మేము డాక్టర్లం కాదని ఎన్నిసార్లు చెప్పినా, "ఏముందో చదువు అన్నా, చాలు" అంటారు. చదివి చదివి మాకూ కొంత తెలిసింది. తెలియనిది తెలుసుకోవడానికి పుస్తకాలు తిరగేశాం, సెలవు మీద వెళ్లినప్పుడు డాక్టర్లను అడిగాం. ఈ వారం ఆ సంగతులే రాస్తున్నాం.

ఆ తల్లికి 52 ఏళ్లు. నెలసరి ఆగి మూడేళ్లు. రిపోర్టులో చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్డీఎల్, 162 ఉంది. దాని కింద ఇంకో లెక్క, సీఆర్పీ 4.1. రెండింటి పక్కనా ఎర్ర గీత. తమ్ముడు అప్పటికే ఊరికి ఫోన్ చేసి తల్లిని కోప్పడ్డాడు. "నూనె బంద్ చెయ్యి, గుడ్డు బంద్ చెయ్యి, పల్లీలు ముట్టకు" అని ఆర్డరు వేశాడు. కొడుకు మాట కదా, ఆమె పాటించింది. పదిహేను రోజులుగా పొద్దున చాయ్, రెండు రస్కులు. మధ్యాహ్నం అన్నం, తాలింపు లేని చారు. రాత్రి మళ్లీ అన్నం, మజ్జిగ. "కండ్లు తిరుగుతున్నయి బిడ్డా" అందట.

ఇలాంటి తల్లులు మాకు ఈ ఏడాదిలోనే ఆరేడుగురు తగిలారు. అందరి కొడుకులూ ఒకటే ఆర్డరు వేశారు. మాలో ఒకాయన కూడా వాళ్లమ్మకు నాలుగేళ్ల కిందట సరిగ్గా ఇదే చెప్పాడు. కాబట్టి ఎవరినీ వేలెత్తి చూపడానికి ఇది రాయడం లేదు.

ముందు సిగ్గు పక్కన పెట్టి ఒక మాట మాట్లాడుకోవాలి. నెలసరి, ముట్టు అనగానే మగవాళ్లం తల తిప్పుకుంటాం. కానీ అమ్మ ఒంట్లో కొలెస్ట్రాల్ పెరగడానికీ ముట్లు ఆగిపోవడానికీ నేరుగా సంబంధం ఉంది. అమెరికాలో 1996 నుంచి స్వాన్ అనే పెద్ద అధ్యయనం నడిచింది. నెలసరి ఆగే వయసు ఆడవాళ్లను ఏళ్ల తరబడి పరీక్షిస్తూ వచ్చారు. అందులో 1,054 మంది లెక్కలు 2009లో బయటికి వచ్చాయి. చివరి ముట్టుకు ముందు ఒక ఏడాది, తర్వాత ఒక ఏడాది, ఆ రెండేళ్లలోనే ఎల్డీఎల్ దాదాపు 9 శాతం పెరిగింది. మిగతా లెక్కలు, బీపీ గానీ చక్కెర గానీ సీఆర్పీ గానీ, వయసుతోపాటు మెల్లమెల్లగా మారాయి. చెడు కొలెస్ట్రాల్ మాత్రం ఆ రెండేళ్లలో ఎగిరి కూర్చుంది.

ఆడవాళ్ల ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఉన్నంతకాలం రక్తంలోని ఎల్డీఎల్‌ను కాలేయం బాగా లాగేసుకుంటుంది. హార్మోన్ పడిపోతే ఆ లాగే పని మందగిస్తుంది. అంటే నిన్నటి తిండే ఇవాళ తిన్నా లెక్క పెరుగుతుంది. "ఏం తిన్నవే ఇంత పెరిగింది?" అని అడిగితే ఆమె ఏం చెబుతుంది పాపం?

ఇది అమ్మల సంగతే అనుకోకండి. మన ఇళ్లల్లో భార్యలకు కూడా ఇది చాలా ముందుగా వస్తోంది. ఎందుకంటే గర్భసంచి ఆపరేషన్లు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. కడుపునొప్పి అని పోతే ముప్పై ఏళ్లకే సంచి తీసేసిన ఇళ్లు మన క్యాంపులోనే ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. సంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజు నుంచే ఆమెకు 50 ఏళ్ల మనిషి ఒళ్లు వచ్చినట్టు. అండాశయాలు ఉంచినా నెలసరి ఆగే దశ కొంత ముందే రావచ్చు. డిశ్చార్జి కాగితంలో ఏది తీశారో రాసి ఉంటుంది. ఫోటో పంపమనండి, మేము చదివి చెబుతాం.

ఇక రెండో లెక్క, సీఆర్పీ. దీని గురించే ఎక్కువమంది భయపడుతున్నారు. చెయ్యి తెగితే అక్కడ ఎర్రబడి వాస్తుంది కదా, ఒళ్లు తనను తాను కాపాడుకునే పని అది. అలాంటిదే కంటికి కనబడకుండా, నొప్పి తెలియకుండా, లోపల సన్నగా ఏళ్ల తరబడి కాగుతూ ఉంటే దాన్ని ఇన్‌ఫ్లమేషన్ అంటారు. కుంపట్లో బూడిద కింద నిప్పు అనుకోండి. రక్తనాళం గోడలో చేరిన కొలెస్ట్రాల్ ఈ నిప్పుకు తగిలితే ఆ గడ్డ పగిలి రక్తం గడ్డకట్టి గుండెపోటు వస్తుంది. కాలేయంలో తయారయ్యే సీఆర్పీ ఆ నిప్పు ఎంతుందో చూపే గుర్తు.

బోస్టన్‌కు చెందిన డాక్టర్ పాల్ రిడ్కర్ బృందం నెలసరి ఆగిన 28,263 మంది ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లను తీసుకుని, వాళ్లలో గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవాళ్ల రక్తాన్ని రానివాళ్ల రక్తంతో పోల్చి 2000లో ఫలితం చెప్పింది. సీఆర్పీ అన్నిటికన్నా ఎక్కువున్న పాతిక శాతం మందికి, అన్నిటికన్నా తక్కువున్న పాతిక శాతం మంది కన్నా ముప్పు నాలుగు రెట్లకు పైగా ఉంది. ఒకటికి లోపు ఉంటే మంచిది, ఒకటి నుంచి మూడు మధ్యరకం, మూడు దాటితే ఎక్కువ అని 2003 నుంచి డాక్టర్లు లెక్కగడుతున్నారు.

అయితే ఒక కిటుకుంది. జ్వరం వచ్చినా, పంటి చిగురు వాచినా, కాలికి పుండు ఉన్నా, కీళ్ల వాతం ఉన్నా సీఆర్పీ పెరుగుతుంది. పది దాటిందంటే ముందు ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూడాలి. ఈ తమ్ముడి తల్లి రక్తం ఇచ్చిన వారంలోనే ఆమెకు దగ్గు, పడిశం. ఒళ్లు నెమ్మదించాక రెండు వారాలు ఆగి మళ్లీ చేయించాల్సిన పరీక్ష అది. ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీలో సీఆర్పీ కూడా కలిపేసి, ఎర్ర గీత కొట్టి పంపే ల్యాబులు ఈ ముక్క ఎందుకు చెప్పవో మాకు అర్థం కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. నూనె ఆపేస్తే సరిపోతుందా? దీనికి జవాబు అమెరికావాళ్లు చాలా ఖర్చు పెట్టి, చాలా ఏళ్లు ఆగి తెలుసుకున్నారు. మన దేశంలో ఈ వయసు ఆడవాళ్ల మీద ఇంత పెద్ద పరీక్ష జరిగినట్టు మేము చూడలేదు. అందుకే అక్కడి కథ చెబుతున్నాం.

1991లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థకు బెర్నడీన్ హీలీ అనే ఆమె డైరెక్టరు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ. అప్పటిదాకా గుండెజబ్బు పరీక్షలన్నీ ఎక్కువగా మగవాళ్ల మీదే జరిగేవి. ఆమె కాలంలో విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అని మొదలుపెట్టారు. దేశమంతటా 40 కేంద్రాలు. 50 నుంచి 79 ఏళ్ల లోపు, నెలసరి ఆగిన ఆడవాళ్లు లక్షా 61 వేల మందికి పైగా చేరారు. అందులో తిండి పరీక్షకు 48,835 మంది. చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు కొవ్వు బాగా తగ్గించి, కూరగాయలు, పళ్లు రోజుకు ఐదుసార్లు, ధాన్యం ఆరుసార్లు తినమన్నారు. మొదటి ఏడాది 18 క్లాసులు పెట్టి నేర్పారు. రెండో గుంపుకు ఒక పుస్తకం చేతికిచ్చి, మామూలుగా తినమన్నారు. మొదట దీన్ని రొమ్ము క్యాన్సరు, పేగు క్యాన్సరు కోసం పెట్టినా, గుండె లెక్కలు కూడా చూశారు.

సగటున ఎనిమిదేళ్లు గడిచాక, 2006 ఫిబ్రవరిలో ఫలితం వచ్చింది. గుండెపోట్లు తగ్గలేదు. పక్షవాతం తగ్గలేదు. రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎల్డీఎల్ ఎంత తగ్గింది? మూడున్నర మిల్లీగ్రాములు. మన తమ్ముడి తల్లి 162లోంచి అది తీసేస్తే 158. దానికోసం ఎనిమిదేళ్లు నాలుక కట్టేసుకోవాలా?

ఆగండి. అమెరికావాళ్లు తిండి దండగని తేల్చారనుకుని ఈ పేజీ మడిచి బజ్జీల బండి దగ్గరికి పోవద్దు. అందులో చూడాల్సిన ముక్క వేరే ఉంది. వాళ్లు కొవ్వు అంతటినీ ఒకే గాటన కట్టి తగ్గించమన్నారు. వెన్న, మాంసం కొవ్వుతోపాటు మంచి నూనె కూడా తగ్గింది. తగ్గిన చోట ధాన్యం చేరింది. పైగా ఎనిమిదేళ్లు ఎవరు పాటిస్తారు? తినే శక్తిలో కొవ్వు 20 శాతానికి దించాలనుకుంటే మొదటి ఏడు 24 దాకా వచ్చి, ఆరో ఏటికి మళ్లీ 29కి చేరింది. వెన్న, మాంసం కొవ్వులు, డాల్డా లాంటివి బాగా తగ్గించి, కూరగాయలు పెంచినవాళ్లలో మాత్రం గుండెకు కొంత మేలు జాడ కనబడింది. అది రుజువు కాదు, జాడ మాత్రమే.

ఇంకొకటి. ఆ ఆడవాళ్లు మొదట తినే తిండిలో కొవ్వు 38 శాతం. చీజు, వెన్న, బీఫ్ తినే దేశం. మన అమ్మ కంచంలో అంత కొవ్వు ఎప్పుడుంది? ఆమె కంచం నిండా అన్నమే. 2025లో ఐసీఎంఆర్ వాళ్లు దేశమంతా చేసిన సర్వే ప్రకారం మన తిండి శక్తిలో 62 శాతం బియ్యం, గోధుమ, చక్కెర లాంటి పిండి పదార్థాల నుంచే. అలాంటి మనిషికి కూరలో చెంచా నూనె, గుడ్డు, పల్లీలు కూడా తీసేస్తే మిగిలేది ఏమిటి? ఇంకో గరిటె అన్నం, ఇంకో రెండు రస్కులు. దానివల్ల ట్రైగ్లిజరైడ్లు అనే ఇంకో కొవ్వు పెరుగుతుంది, మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది, పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది. ముట్లు ఆగాక కొవ్వు తుంటి దగ్గర కాకుండా పొట్ట దగ్గరే చేరడం ఎక్కువ. ఇందాక చెప్పిన బూడిద కింద నిప్పుకు కట్టెలు అందించేది ఆ పొట్ట కొవ్వే. చీజు తినేవాళ్ల మందుచీటీ తెచ్చి చారు తినే మనిషికి రాసిచ్చినట్టయింది మన పని.

అమెరికాలో ఉండే మనవాళ్ల మీద కూడా ఒక అధ్యయనం ఉంది. పేరు వింటే నవ్వొస్తుంది, మసాలా. 2010 నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగో ప్రాంతాల్లో దక్షిణాసియా నుంచి వెళ్లిన 906 మంది ఆడా మగను పరీక్షించారు. వేపుడు చిరుతిళ్లు, మిఠాయిలు, వెన్న తీయని పాల పదార్థాలు ఎక్కువ తినేవాళ్లలో మంచి కొలెస్ట్రాల్ తక్కువ, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం ఎక్కువ. మాంసాహారం ఎక్కువున్నవాళ్లలో చెడు కొలెస్ట్రాల్, నడుం చుట్టుకొలత ఎక్కువ. పళ్లు, కూరగాయలు, గింజలు, పప్పులు తినేవాళ్లు మెరుగు. పప్పులు, గింజలు అంటే ఏవో అమెరికా వస్తువులు కావు. పెసర్లు, ఉలవలు, శనగలు, పల్లీలు, నువ్వులు. తమ్ముడు ముట్టకు అన్నవే!

పీచు సంగతి కూడా అంతే. ఆకుకూర, పొట్టుతో ఉన్న పప్పు, జొన్న రొట్టె ఇలాంటివాటిలో ఉండే పీచు ఎల్డీఎల్‌ను కొంత దించుతుంది. నెలసరి ఆగిన అమెరికా ఆడవాళ్లలో పీచు ఎక్కువ తిన్నవాళ్లకు ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ గుర్తులు కొన్ని తక్కువున్నాయని 2008లో రాశారు. సీఆర్పీలో మాత్రం తేడా కనబడలేదట. ఉన్నదున్నట్టు చెప్పాలి కదా.

నూనెలో ఎంత అన్నదానికన్నా ఏది అన్నది ముఖ్యం. పల్లి నూనె, నువ్వుల నూనె, కుసుమ నూనె కూరకు సరిపడా వేసుకోవచ్చు. పామాయిల్‌లో సగం దాకా గడ్డకట్టే రకం కొవ్వే, అది ఎల్డీఎల్ పెంచుతుంది. నెయ్యీ అంతే, పండగకు చాలు. డాల్డా అన్నిటికన్నా చెడ్డది. అందులో ఉండే ట్రాన్స్ కొవ్వు చెడు కొలెస్ట్రాల్ పెంచుతుంది, మంచిది తగ్గిస్తుంది, ఇన్‌ఫ్లమేషన్ కూడా పెంచుతుంది. అమెరికాలో 2006 నుంచి పాకెట్ మీద దాని లెక్క రాయాలన్నారు, 2018 నుంచి ఆ రకం నూనెలు తిండిలో వాడటమే ఆపించారు. మన దేశంలో 2022 జనవరి నుంచి రెండు శాతం మించకూడదని రూలు. రూలు ఉంది, కానీ సెంటర్లో మిర్చి బజ్జీ మూకుడులో నల్లగా మరిగే నూనెను ఎవరు కొలుస్తారు? వారానికి రెండు మూడుసార్లు గుడ్డు, చెరువు చేపల పులుసు, రోజూ ఒక గిన్నె పప్పు, గుప్పెడు పల్లీలు, అన్నం ఒక పూట తగ్గించి జొన్న రొట్టె. మేమైతే మా ఇళ్లల్లో ఇదే చెప్పాం. షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడిగి మార్చుకోవాలి.

ఇప్పుడు మన కార్గో డబ్బాల సంగతి. సెలవుకు పోయేటప్పుడు టాంగు, పాలపొడి, బాదంతోపాటు చేపనూనె క్యాప్సూళ్ల డబ్బా కొనుక్కుపోవడం ఈమధ్య ఫ్యాషనైంది. అమ్మ గుండెకు మంచిదని. అమెరికాలో వైటల్ అని 25,871 మంది మీద, అందులో ఆడవాళ్లు 55 దాటినవాళ్లు, రోజుకో గ్రాము చేపనూనె ఇచ్చి ఐదేళ్లకు పైగా చూశారు. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు చావులు కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తగ్గుదల లేదని 2018లో తేలింది. ఆ డబ్బా డబ్బులతో ఊళ్లో ఎన్ని నెలల పెసర్లు వస్తాయో లెక్కేసుకోండి. హార్మోన్ బిళ్లల కథ కూడా అంతే. గుండెను కాపాడతాయని ఇస్తే, ఇందాక చెప్పిన అమెరికా పరీక్షలోనే 16,608 మంది మీద చేసిన భాగాన్ని 2002 జులైలో మధ్యలో ఆపేశారు. గుండెపోట్లు, పక్షవాతం, రొమ్ము క్యాన్సరు పెరిగినందుకు. ఒళ్లంతా ఆవిర్లు వచ్చి తట్టుకోలేనివాళ్లకు డాక్టరు కొంతకాలం ఇవ్వడం వేరే సంగతి.

తిండితో ఎల్డీఎల్ కొంత తగ్గుతుంది, అంతా తగ్గదు. డాక్టరు స్టాటిన్ బిళ్ల రాస్తే అది వేసుకోవాల్సిందే. అది కొలెస్ట్రాల్‌నూ సీఆర్పీనీ రెండింటినీ దించుతుంది. "బిళ్లలు వేడి చేస్తాయి, మానెయ్" అని ఫోన్లో చెప్పే హక్కు మనకు లేదు. ఒళ్లు నొప్పులు వస్తే డాక్టరుకు చెప్పి మార్పించుకోవాలి, అంతేగాని మనంతట మనం ఆపొద్దు.

ఇంత రాశాక మాలో మాకే ఒక తగాదా వచ్చింది. "ఇవన్నీ చెబుతాం సరే, ఆమె తింటుందా?" అని మాలో పెద్దాయన అడిగాడు. ఆయన ప్రశ్న నిజమే. మనం పంపే డబ్బు మొదట అప్పుకు పోతుంది, తర్వాత చిట్టీకి, తర్వాత పిల్లల ఫీజుకి, ఇంటి స్లాబుకి. అమ్మ అందరికీ పెట్టి ఆఖరున కూర్చుంటుంది. అప్పటికి గిన్నెలో పప్పు అడుగంటి ఉంటుంది, గుడ్లు మనవళ్లకు అయిపోయి ఉంటాయి. మిగిలేది అన్నం, తొక్కు. పొద్దున మిగిలిన ఉప్మా, పిల్లలు వదిలేసిన బిస్కెట్లు పారేయడం ఎందుకని తనే తింటుంది. కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసే మన రాయచోటి, కోనసీమ అక్కలది ఇంకో రకం ఆఖరి పంక్తి. సేఠు ఇంట్లో మిగిలిన వేపుడు, రొట్టె, మిఠాయి. వాళ్లలో చాలామంది ఈ వయసువాళ్లే, వాళ్లకు రిపోర్టు తీయించే కొడుకు కూడా దగ్గర లేడు. వాళ్ల గురించి విడిగా రాయాలి.

అందుకని ఆ తమ్ముడితో మేము ఒకటే అన్నాం. ఈసారి ఫోన్లో "ఏం తినకు" అని కాకుండా "ఏం తిన్నవ్?" అని అడుగు. పంపే డబ్బులో గుడ్లకు, పప్పుకు ఇంత అని విడిగా మీ చెల్లెకు చెప్పు. పొద్దున లేదా సాయంత్రం అరగంట నడవమను. రెండు వారాలాగి సీఆర్పీ మళ్లీ తీయించు, రిపోర్టు పట్టుకుని జగిత్యాలలో పెద్ద డాక్టరు దగ్గరికి తోల్కపొమ్మను.

మా ముందే స్పీకర్ పెట్టి ఫోన్ చేశాడు. అటునుంచి ఆమె కాసేపు ఏమీ అనలేదు. మేము ముగ్గురం ఉన్నామని తెలిసి సిగ్గుపడినట్టుంది. చివరికి అడిగింది. "అయితే పల్లీలు తినొచ్చునా బిడ్డా? నువ్వద్దన్నవని డబ్బా అటక మీద పెట్టిన."

తమ్ముడు మా వైపు చూశాడు. తల ఊపాం. "తినవ్వా. ఉప్పెయ్యకుండ, గుప్పెడు" అన్నాడు.